ఒకే పేరు, ఎన్నో జ్వరాలు: ఉత్తర తెలంగాణ పల్లెల్లో కీటకాలు మోసే వైరస్‌లు

రక్తం తాగే కీటకాలు మనిషికి అంటించే వైరస్‌లను వైద్యశాస్త్రం ఆర్బోవైరస్‌లు అంటుంది. ఇది ఒక వంశం పేరు కాదు, అవి ప్రయాణించే దారిని బట్టి పెట్టిన పేరు. డెంగీ, జపనీస్ మెదడువాపు, జికా, క్యాసనూరు అటవీ జ్వరం వైరస్‌లు ఒకే కుటుంబానివి. చికున్‌గున్యాది మరో కుటుంబం. పిల్లల మెదడు మీద దాడి చేసే చాందీపురా వైరస్ రేబిస్ వైరస్‌కు దూరపు చుట్టం. గోమార్లు, అంటే పిడుదులు, మోసే క్రిమియన్ కాంగో జ్వరం వైరస్ వంశం వేరు. వీటన్నిటినీ ఒక్క గాటన కట్టేది ఒకే లక్షణం: కీటకం ఒంట్లోనూ పెరుగుతాయి, పశుపక్ష్యాదుల ఒంట్లోనూ మనిషి ఒంట్లోనూ పెరుగుతాయి.

కామారెడ్డి జిల్లా బీబీపేట లాంటి ఊళ్లలో వానాకాలం మొదలయ్యాక వచ్చే జ్వరాలన్నిటికీ కలిపి ఒక్కటే పేరు: విష జ్వరం. పత్రికలూ అదే రాస్తాయి, ఆర్‌ఎంపీ డాక్టరూ అదే అంటాడు. మాటగా చూస్తే అది తప్పేమీ కాదు. వైరస్ అనే లాటిన్ మాటకు మూలార్థం విషమే. చిక్కంతా ఆ ఒక్క పేరు కింద దాగిన తేడాల్లో ఉంది. ఒక జ్వరాన్ని తెచ్చే దోమ ఇంటి గోలెంలో పుడుతుంది, మరొకటి వరి మడిలో. ఒకటి పట్టపగలు కుడుతుంది, ఇంకొకటి పొద్దుగూకాక. ఒక జ్వరానికి మూలం పక్కింటి రోగి, మరొకదానికి ఊరి చివరి పందుల దొడ్డి. నివారణ అంతా ఈ తేడాల మీదే ఆధారపడి ఉంటుంది. ఏ జ్వరమో తేలకుండా చేసే పనిలో చాలా భాగం వృథా పోతుంది.

దోమను సూదితో పోల్చడం మామూలే గానీ ఆ పోలిక సరికాదు. సూది రక్తాన్ని ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి మోస్తుంది. దోమ అలా మోయదు. అందుకే హెచ్ఐవీ దోమ కాటుతో రాదు. అది దోమ కడుపులోనే నశిస్తుంది. ఆర్బోవైరస్ మాత్రం ఆడ దోమ తాగిన రక్తంతో పాటు దాని పేగు గోడలో చేరి, అక్కడ పెరిగి, ఒళ్లంతా పాకి, చివరికి లాలాజల గ్రంథుల్లోకి వస్తుంది. డెంగీ విషయంలో దీనికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. వాతావరణం వేడిగా ఉంటే ఆ గడువు ఇంకా తగ్గుతుంది. ఆ తర్వాత దోమ బతికినంత కాలం కుట్టిన ప్రతిసారీ లాలాజలంతో వైరస్‌ను వదులుతుంది. దోమ ఆయుష్షు కొద్ది వారాలే. గోమారి లెక్క వేరు. పిల్ల దశ నుంచి పెద్దదయ్యే దాకా దశ దశకూ ఒక ప్రాణి రక్తం తాగుతూ నెలలు, ఒక్కోసారి ఏళ్లు బతుకుతుంది. కొన్ని వైరస్‌లను గుడ్ల ద్వారా తన సంతానానికీ అందిస్తుంది. కాబట్టి దోమల వైరస్‌లు వానతో ఎగసి వానతో తగ్గుతాయి, గోమార్ల వైరస్‌లు మాత్రం ఒక చోట నాటుకుని ఉండిపోతాయి.

ఇంకో తేడా ఇంతకంటే ముఖ్యమైనది. డెంగీ, చికున్‌గున్యా, జికా మన ఊళ్లలో మనిషి నుంచి దోమకు, దోమ నుంచి మనిషికి తిరుగుతాయి. జ్వరం వచ్చిన మొదటి అయిదారు రోజులు రోగి రక్తంలో వైరస్ నిండుగా ఉంటుంది. ఆ రోజుల్లో రోగిని పగలు కూడా దోమతెరలో ఉంచితే చుట్టుపక్కల ఇళ్లకు వ్యాధి పాకదు. మెదడువాపు సంగతి దీనికి పూర్తిగా వేరు. ఆ వైరస్ మనిషి రక్తంలో దోమను అంటించేంతగా పెరగదు. దానికి మనిషి దారి చివరి మజిలీ. రోగిని దోమతెరలో పడుకోబెట్టినా ఊరికి రక్షణ ఉండదు. పందులు, కొంగల సంగతి చూడాలి.

మెదడువాపు వైరస్‌కు సహజమైన ఆశ్రయం నీటి పక్షులు. మడుల్లో కదలకుండా నిలబడే గుడ్డి కొంగలు, పశువుల వెంట తిరిగే తెల్ల కొంగలు దాన్ని ఒంట్లో పెట్టుకుని తిరుగుతాయి గానీ జబ్బుపడవు. పందిలో అది అమితంగా పెరుగుతుంది. పంది కూడా పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. చూడి పందులు మాత్రం ఈసుకుపోతాయి. పక్షి నుంచి పందికి, పంది నుంచి మనిషికి చేర్చేది క్యూలెక్స్ జాతి దోమ, ముఖ్యంగా వరి పొలాల్లో పుట్టే క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్. నాట్లు వేసిన తర్వాతి కొన్ని వారాలు, పైరు ఇంకా కమ్మకుండా ఎండ నేరుగా పడే లోతులేని నీరు దీనికి బాగా అనువైన చోటు. సాయంత్రం చీకటి పడ్డాక బయలుదేరి ముందు పశువుల కొట్టం మీద పడుతుంది. ఆవు, గేదె రక్తమంటే దీనికి మహా ఇష్టం. పశువుల్లో వైరస్ పెరగదు కాబట్టి దోమలు వాటి మీద వాలడం ఒక రకంగా మనిషికి మేలే. అయితే పశువుల రక్తం తాగి ఆ దోమలే లెక్కకు మించి పెరుగుతాయి. కొట్టం ఇంటిని ఆనుకుని ఉంటే వాటిలో కొన్ని ఇంట్లో పడుకున్న పిల్లల దాకా వస్తాయి.

బీబీపేట ప్రాంతం చెరువుల నేల. చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైంది ఈ జిల్లాలోనే. 2015 మార్చి 12న సదాశివనగర్ పాత చెరువు దగ్గర పూడికతీత పనులు ఆరంభించారు. బోరు మోటార్లకు 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరిలో వచ్చింది. వరి సాగు రెండు కార్లలోనూ విస్తరించింది. దీన్ని చూసి చెరువులే దోమలకు మూలమని కొందరు అంటారు. అది సరికాదు. నిండుగా ఉండి, అలలు కదిలే, చేపలున్న చెరువులో దోమ పిల్లలు బతకవు. గుర్రపుడెక్క కమ్మిన అంచులు, తూము కింద నిలిచిన మురుగు, నెలల తరబడి ఆరని మడులు వాటి అసలు చోట్లు. యాసంగిలో కూడా నీళ్లు నిండిన మడులుంటే దోమకు విరామ కాలమే ఉండదు. ఆరుతడి పద్ధతిలో మధ్యమధ్య మడిని ఎండనిస్తే నీళ్లు ఆదా అవుతాయి, పురుగు దశలోనే దోమలు చస్తాయి. వ్యవసాయ శాఖ నీటి పొదుపు కోసం చెప్పే మాట ఆరోగ్య శాఖకూ అంతే అవసరమైనది. రెండు శాఖలూ దాన్ని కలిసి చెబితే రైతు చెవికి ఎక్కుతుంది.

భారతదేశంలో జపనీస్ మెదడువాపును మొదట 1955లో వెల్లూరు ప్రాంతంలో గుర్తించారు. 1973లో పశ్చిమ బెంగాల్‌లోని బాంకురా, బర్ద్వాన్ జిల్లాల్లో పెద్ద ఎత్తున ప్రబలింది. తెలుగు నేల మీద చెప్పుకోవలసిన ఉద్ధృతి 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో అనంతపురం జిల్లాలో వచ్చింది. వరి పెద్దగా పండని కరవు సీమగా పేరుపడిన జిల్లాలో అలా రావడం గమనించదగ్గది. సాగునీరు కొద్దిగా ఉన్నా చాలు, పందులూ దోమలూ కలిసే చోటు ఏర్పడుతుంది. వైరస్ సోకిన 250 మందిలో సుమారు ఒక్కరికే తీవ్రమైన మెదడువాపు వస్తుంది. వచ్చినవారిలో మరణాలు 30 శాతం దాకా ఉంటాయి. బతికినవారిలో చాలామందికి మాట, నడక, చదువు, జ్ఞాపకం శాశ్వతంగా దెబ్బతింటాయి. మిగిలిన 249 మందికి అసలు ఏమీ తెలియదు, లేదా మామూలు జ్వరం వచ్చి పోతుంది. అందుకే ఊళ్లో ఒక్క కేసు కనబడిందంటే వైరస్ అప్పటికే ఎందరిలోనో తిరిగిందని అర్థం.

ఉత్తర తెలంగాణకు సంబంధించినంత వరకు ఈ సమీక్షలో ఎక్కువ చోటు దక్కవలసింది 2003 వేసవికి. ఆ ఏడాది జూన్‌లో, బడులు తెరిచే రోజుల్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు అంతుచిక్కని జబ్బుతో చనిపోవడం మొదలైంది. కరీంనగర్, వరంగల్ జిల్లాల మీద దెబ్బ గట్టిగా పడింది. ఆడుకుంటున్న పిల్లవాడికి ఉన్నట్టుండి ఒళ్లు కాలిపోయేంత జ్వరం, వాంతులు, ఆపైన ఫిట్స్, గంటల్లో స్పృహ తప్పడం, ఒకటి రెండు రోజుల్లో మరణం. మొదట అందరూ జపనీస్ మెదడువాపు అనే అనుకున్నారు. రక్తం, వెన్ను నీరు పరీక్షిస్తే జపనీస్ వైరస్ జాడ కనబడలేదు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నమూనాలను కణ వర్ధనాల్లో పెంచి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు తుపాకీ గుండు ఆకారంలో ఉన్న వైరస్ కనిపించింది. అదే చాందీపురా. ఆగస్టు దాకా సాగిన ఆ ఉద్ధృతిలో 329 మంది పిల్లలు జబ్బుపడ్డారు, 183 మంది చనిపోయారు. సగానికి మించిన మరణాలు. 2004లో ‘లాన్సెట్’ పత్రికలో ఈ పరిశోధన అచ్చయ్యాక గానీ ప్రపంచం ఈ పేరు పట్టించుకోలేదు.

వైరస్ మాత్రం కొత్తది కాదు. నాగపూర్ దగ్గర చాందీపురా అనే పల్లెలో 1965లో, డెంగీ, చికున్‌గున్యా జ్వరాలను పరిశోధిస్తుండగా ఇద్దరు రోగుల రక్తంలో దొరికింది. దాదాపు నలభై ఏళ్లు అది ప్రయోగశాలల్లో ఒక వింతగానే ఉండిపోయింది. 2003లో తెలంగాణ, 2004లో గుజరాత్ దాని అసలు స్వభావాన్ని చూపించాయి. తర్వాత వరంగల్ ప్రాంతంలో 2005, 2006 సంవత్సరాల్లో మెదడువాపు లక్షణాలతో వచ్చిన పిల్లలను పరీక్షించినప్పుడు, వారిలో పెద్ద భాగానికి కారణం చాందీపురాయే అని తేలింది. అంటే 2003లో అది చుట్టపు చూపుగా వచ్చి వెళ్లలేదు, ఇక్కడే నిలిచి ఉంది.

దీన్ని మోసేది దోమ కాదు, ఇసుక ఈగ. దోమలో మూడో వంతు ఉంటుంది, ఒంటి నిండా నూగు, కూర్చున్నప్పుడు రెక్కలు పైకి విచ్చుకుని ఉంటాయి. రొద చేయదు, ఎత్తుగా ఎగరలేదు, గోడ వెంట గెంతుతున్నట్టు కదులుతుంది. మామూలు దోమతెర కన్నాల్లో నుంచి దూరిపోతుంది. మట్టి గోడల పగుళ్లు, పశువుల కొట్టంలో తడిసిన పేడ మట్టి, ఇంటి చుట్టూ పేరుకున్న చెత్త కుప్పలు దాని పుట్టిళ్లు. కరీంనగర్ జిల్లాలో పట్టిన సెర్జెంటోమియా జాతి ఇసుక ఈగల్లో చాందీపురా వైరస్ ఆనవాళ్లు దొరికాయి; ఆ ఫలితం 2005లో ప్రచురితమైంది. కాబట్టి వీధిలో ఫాగింగ్ యంత్రం పొగ వదిలినంత మాత్రాన చాందీపురా ఆగదు. గోడల మీద, ముఖ్యంగా నేల నుంచి ఒక మనిషి ఎత్తు వరకు, నిలిచి ఉండే మందు కొట్టాలి. పగుళ్లు పూడ్చి అలకాలి, కొట్టాన్ని ఇంటికి ఎడంగా ఉంచాలి, పిల్లలను నేల మీద పడుకోబెట్టకూడదు.

2003 నాటి మరణాలకు చాందీపురాయే కారణమన్న మాట మీద వివాదం కూడా నడిచింది. కొందరు పిల్లల వైద్య నిపుణులు ఇది మెదడు కణజాలం వాచడం కాదని, మెదడుకు రక్తం అందించే ధమనికి తగిలిన దెబ్బ అని, పక్షవాతం లాంటిదని వాదించారు. రోగులను దగ్గరగా చూసి చేసిన వాదన అది, తీసిపారేయదగింది కాదు. అయితే వైరస్‌ను రోగుల నుంచి వేరు చేయడం, దాని జన్యుపదార్థం దొరకడం, మళ్లీ మళ్లీ అదే ప్రాంతంలో అదే కాలంలో పిల్లల్లో కనబడటం చూస్తే కారణం చాందీపురాయే అనే పక్షం బలమైనది. అది మెదడులో ఏ విధంగా హాని చేస్తుందన్న ప్రశ్న వేరు. ఆ ప్రశ్నకు పై వాదన ఇప్పటికీ పనికొస్తుంది. 2024 జూన్ నుంచి ఆగస్టు నడిమి దాకా దేశంలో, ప్రధానంగా గుజరాత్‌లో, 245 మందికి తీవ్ర మెదడువాపు లక్షణాలు కనిపించాయి, 82 మంది చనిపోయారు. అందులో 64 కేసులు చాందీపురా అని నిర్ధారణ అయింది. అంతకు ముందు ఇరవై ఏళ్లలో అంత పెద్ద ఉద్ధృతి లేదు.

పిల్లల మెదడు మీద పడే జబ్బులకు భయం ఎక్కువ, కేసులు తక్కువ. డెంగీకి కేసులూ ఎక్కువే. ఏడిస్ ఈజిప్టై అనే చారల దోమ దీన్ని మోస్తుంది. ఈ దోమకు మురికి నీరు గిట్టదు. నల్లా నీళ్లు పట్టి ఉంచిన గోలెం, డ్రమ్ము, సంపు, మూత లేని సిమెంటు కుండీ, కూలర్ అడుగు, ఇంటి వెనక పడేసిన టైరు, వాడని రోలు, కొబ్బరి చిప్ప, పూలకుండీ కింది పళ్లెం, నల్లా గుంత: ఇవన్నీ దీని పుట్టిళ్లే. పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లు దాటి పోదు. అంటే ఒక ఇంట్లో డెంగీ వచ్చిందంటే ఆ దోమ ఆ ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టినదే. ఒకప్పుడు పట్నాల జబ్బుగా ఉన్న డెంగీ పల్లెలకు రావడానికి కారణం పల్లె నీటి అలవాటు మారడం. బావి నుంచి ఏ పూటకా పూట చేదుకునే నీళ్లు పోయాయి. నల్లా వచ్చే వేళకు పట్టి నిల్వ ఉంచే డ్రమ్ములు వచ్చాయి. ప్లాస్టిక్ వచ్చింది.

ఈ దోమ పగటి దోమ. పొద్దున సూర్యుడు పొడిచాక రెండు మూడు గంటలు, సాయంత్రం పొద్దు వాలే ముందు దీని జోరు. కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతంలో వేలాది ఆడవాళ్లు ఇంటి అరుగు మీదో వాకిట్లోనో చాట ముందు పెట్టుకుని రోజంతా బీడీలు చుడతారు. కాళ్లు ముడుచుకుని, చేతులు పనిలో ఉండి, గంటల తరబడి కదలకుండా కూర్చునే ఆ పని ఈ దోమకు అందివచ్చిన అవకాశం. రాత్రి పూట దోమతెర ఎంత కట్టుకున్నా వాళ్లకు రక్షణ లేదు. సాయంత్రం చీకటి పడ్డాక వీధుల్లో చేసే ఫాగింగ్ కూడా ఇళ్లలో బట్టల వెనక, మంచాల కింద సర్దుకున్న ఏడిస్ దోమను తాకదు. పొగ కనబడుతుంది కాబట్టి పని జరిగినట్టు అనిపిస్తుంది, అంతే.

చేయవలసిన పని గోలెం దగ్గరే ఉంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. వారానికి ఒకసారి నీళ్లన్నీ పారబోసి ఆరబెడితే ఆ చక్రం తెగుతుంది. శుక్రవారం ‘డ్రై డే’ వెనక ఉన్న లెక్క ఇదే. 2020లో తెలంగాణ పట్టణాల్లో మొదలుపెట్టిన ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ కార్యక్రమానికీ ఇదే ఆధారం. కానీ పారబోస్తే సరిపోదు. ఏడిస్ తన గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన పాత్ర గోడకు అతికిస్తుంది. అవి ఎండిపోయి నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందువల్ల డ్రమ్ము లోపలి గోడను కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. ఈ ఒక్క మాట ఇంటింటికీ చెప్పడం ఆశా కార్యకర్త చేయగల పనుల్లో అన్నిటికంటే విలువైనది.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే దాని మీద జీవితకాలపు రక్షణ వస్తుంది, మిగతా మూడింటి మీద రాదు. పైగా రెండోసారి వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు ఆ కొత్త వైరస్‌ను ఆపలేకపోగా, కణాల్లోకి చేరడానికి దారి ఇస్తాయి. తీవ్రమైన డెంగీ రెండోసారి సోకినవారిలోనే ఎక్కువ. జ్వరం మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, చాలాసార్లు జ్వరం తగ్గుతున్నప్పుడే, అసలు ప్రమాదం మొదలవుతుంది. సన్న రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఆగని కడుపు నొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, మత్తుగా పడి ఉండటం, చేతులు కాళ్లు చల్లబడటం: వీటిలో ఏది కనబడినా ఆస్పత్రిలో ఉండాలి.

ఊళ్లలో మాత్రం అందరి చూపూ ప్లేట్‌లెట్ల మీదే. ‘ప్లేట్‌లెట్లు పడిపోయినయ్’ అనగానే అప్పు చేసి పట్నానికి పరుగెత్తిన కుటుంబాలు ఎన్నో. డెంగీలో ఎక్కువ మంది ప్రాణం తీసేది ప్లేట్‌లెట్ల కొరత కాదు, ద్రవం కారిపోవడం. రక్తస్రావం లేనప్పుడు, సంఖ్య పదివేల కంటే పైన ఉన్నప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల ఉపయోగం లేదని జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. నీళ్లు, ఓఆర్‌ఎస్, అవసరమైతే కొలిచి ఎక్కించే సెలైన్, జ్వరానికి పారాసిటమాల్: చికిత్స ఇంతే, కానీ గంట గంటకూ గమనిస్తూ చేయాలి. ఒళ్లు నొప్పులకని ఇచ్చే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు రక్తస్రావాన్ని పెంచుతాయి. ఏ జ్వరమో తెలియకముందే పల్లెల్లో ఇచ్చే నొప్పి సూది అందుకే ప్రమాదకరం.

తెలంగాణలో 2019లో డెంగీ కేసులు 13 వేలు దాటాయి. మరుసటి ఏడాది అవి రెండు వేల పైచిలుకుకు పడిపోయాయి. దాన్ని దోమల మీద గెలుపుగా చదవకూడదు. 2020 కరోనా ఏడాది. జ్వరమొచ్చినవారు ఆస్పత్రికి రావడానికే జంకారు, పరీక్షశాలలన్నీ వేరే పనిలో ఉన్నాయి. తర్వాతి సంవత్సరాల్లో సంఖ్య మళ్లీ ఏడు వేలు దాటింది. ఎలైజా పరీక్షలో తేలినవే ప్రభుత్వ లెక్కలోకి వస్తాయి కాబట్టి ర్యాపిడ్ కిట్‌తో చూసి పంపేసిన కేసులు ఈ అంకెల్లో ఉండవు.

చికున్‌గున్యాను మోసేదీ అదే ఏడిస్ దోమ. టాంజానియా, మొజాంబిక్ సరిహద్దులోని మకొండె పీఠభూమిలో 1952లో బయటపడింది. ఒళ్లు వంకర్లు పోవడం అనే అర్థమిచ్చే మకొండె మాటే దీని పేరు. మన దేశంలో 1963లో కలకత్తాలో, తర్వాత మద్రాసులో, 1965లో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడల్లో వచ్చింది. 1973 తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు మాయమైంది. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తలెత్తి, 2006లో దేశంలో 13 లక్షల పైగా అనుమానిత కేసులకు కారణమైంది. ఆ ముప్పై ఏళ్లలో పుట్టినవారెవరికీ ఈ వైరస్‌తో పరిచయం లేదు. అది అంత వేగంగా పాకడానికి ముఖ్య కారణం అదే. పైగా తిరిగి వచ్చింది పాత ఆసియా రకం కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన వేరే రకం. దీనివల్ల మరణాలు తక్కువ. కానీ కూలి చేసుకునే మనిషి వేళ్లు, మణికట్లు, మడమలు నెలల తరబడి పట్టేసి ఉండటం చిన్న నష్టం కాదు. కొడవలి పట్టలేని కోత కూలీ, ఆకు కత్తిరించలేని బీడీ కార్మికురాలి కూలి నష్టం ఏ ఆరోగ్య నివేదికలోనూ కనబడదు.

జికాను కూడా ఏడిసే మోస్తుంది. 2021లో దేశవ్యాప్తంగా పరీక్షించిన జ్వర నమూనాల్లో హైదరాబాదు నుంచి వచ్చినవాటిలోనూ అది దొరికింది. గర్భిణికి సోకితే పుట్టే బిడ్డ తల చిన్నదిగా ఉండే ప్రమాదం ఉంది కాబట్టి దీని మీద నిఘా అవసరం.

గోమార్ల వైరస్‌ల విషయంలో తెలంగాణ ఇప్పటిదాకా అదృష్టవంతమైన ప్రాంతం. క్యాసనూరు అటవీ జ్వరం 1957లో కర్ణాటక శివమొగ్గ జిల్లా సొరబ తాలూకా అడవిలో, కోతుల మరణాలతో బయటపడింది. అది పడమటి కనుమల వెంట కేరళ, గోవా, మహారాష్ట్రల దాకా పాకింది. ఒడిశాలోని గంజాం జిల్లాలో 1954లో మేకల మీద పట్టిన గోమార్లలో గంజాం వైరస్ దొరికింది. అది ప్రధానంగా గొర్రెలు, మేకల జబ్బు. మనిషికి అసలు భయం క్రిమియన్ కాంగో జ్వరంతో. 2011 జనవరిలో అహ్మదాబాదులో అది మన దేశంలో మొదటిసారి నిర్ధారణ అయినప్పుడు రోగితో పాటు చికిత్స చేసిన వైద్యుడు, నర్సు కూడా చనిపోయారు. రోగి రక్తం తాకినా అంటుకునే జబ్బు అది. హయలోమా జాతి గోమార్లు దీన్ని పశువుల నుంచి మోస్తాయి. పశువు పైకి జబ్బుగా కనిపించదు.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో ఉంది, సుమారు 1 కోటి 90 లక్షలు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద పక్క రాష్ట్రాల నుంచి లక్షల గొర్రెలు వచ్చాయి. పశువులతో పాటు వాటి ఒంటి మీది గోమార్లూ వస్తాయి. గొర్ల కాపరులు పిడుదులను వేళ్లతో పీకి, గోరుతో చిదమడం అలవాటు. ఆ పని మానాలి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఈ ప్రాంతానికి గోమార్లతో ఇంకో బంధం ఉంది, దాన్ని ఎవరూ తగినంత పట్టించుకోవడం లేదు. కామారెడ్డి, నిజామాబాదు, జగిత్యాల జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలో కొందరు ఎడారుల్లో గొర్రెలు, ఒంటెలు కాస్తారు, కొందరు కబేళాల్లో పనిచేస్తారు. 1990ల నడుమ ఎమిరేట్స్, ఒమన్‌లలో క్రిమియన్ కాంగో జ్వరం బయటపడినప్పుడు దెబ్బతిన్నవారిలో పశువులతో పనిచేసే వలస కూలీలే ఎక్కువ. 1995లో జెడ్డాలో గుర్తించిన అల్‌ఖుర్మా వైరస్ మన క్యాసనూరు వైరస్‌కు సోదరి. 2000లో సౌదీలోని జిజాన్‌లో, యెమెన్‌లో దోమల ద్వారా, పశువుల రక్తం ద్వారా రిఫ్ట్ వ్యాలీ జ్వరం వచ్చింది; ఆఫ్రికా బయట అదే మొదటిసారి. సెలవు మీద ఇంటికి వచ్చిన కాపరికి రెండు వారాల లోపు తీవ్రమైన జ్వరం, రక్తస్రావం వస్తే తాను ఎక్కడ ఏ పని చేశాడో డాక్టరుకు ముందే చెప్పాలి. డాక్టరు కూడా ఆ ప్రశ్న తప్పక అడగాలి.

ఏ జ్వరమో తేల్చడంలో రోజుల లెక్క కీలకం. డెంగీకి మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష. ఒకే కుటుంబపు వైరస్‌లు కావడంతో డెంగీ, మెదడువాపు, జికా యాంటీబాడీ పరీక్షలు ఒకదానికొకటి అడ్డుపడి తప్పు ఫలితం చూపవచ్చు. చాందీపురాకు మొదటి రోజుల్లోనే తీసి, చల్లదనం చెడకుండా పంపిన నమూనాలో జన్యుపదార్థం వెతకాలి. హైదరాబాదు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి, నీలోఫర్ పిల్లల ఆస్పత్రి ఈ పనిలో చాలాకాలంగా ఉన్నాయి. కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇంకో సంగతి: పురుగు కాటుతో వచ్చే ప్రతి జ్వరమూ వైరస్ కాదు. నల్లిని పోలిన పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ బాక్టీరియా జబ్బు. అదీ మెదడుకు ఎక్కుతుంది, కానీ డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది. దాన్ని విష జ్వరం అని వదిలేస్తే నయం కావలసిన మనిషి చనిపోతాడు.

టీకాల విషయంలో హైదరాబాదు పాత్ర పెద్దది. మెదడువాపుకు బయోలాజికల్-ఇ వారి జీవ్, భారత్ బయోటెక్ వారి జెన్‌వ్యాక్ ఇక్కడ తయారైనవే. జెన్‌వ్యాక్‌ను కర్ణాటకలోని కోలారులో దొరికిన వైరస్‌తో చేశారు. చైనా టీకాతో 2006లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం తర్వాత, వ్యాధి ఉన్నట్లు గుర్తించిన జిల్లాల్లో తొమ్మిదో నెలలో, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య రెండు డోసులు ఇస్తున్నారు. డెంగీ టీకా కథ అంత సూటిగా సాగలేదు. మొదటి టీకా డెంగ్వాక్సియా, అంతకు ముందు డెంగీ రాని పిల్లలకు మేలు కంటే కీడు చేయవచ్చని 2017లో తేలింది. నాలుగు రకాల చిక్కు అక్కడా బయటపడింది. ఇప్పుడు జపాన్ సంస్థ టకేడా టీకాను తయారుచేయడానికి బయోలాజికల్-ఇ ఒప్పందం చేసుకుంది. మన దేశపు డెంగీ టీకా మూడో దశ పరీక్ష 2024 ఆగస్టులో మొదలైంది.

2003లో కరీంనగర్, వరంగల్ పల్లెల్లో పిల్లలు ఫిట్స్‌తో పడిపోయినప్పుడు 108 అంబులెన్స్ లేదు. అది 2005 ఆగస్టు 15న వచ్చింది. ఈనాడు అది ఉంది. జ్వరంతో ఉన్న బిడ్డకు ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా తెల్లారే దాకా ఆగకుండా ఆ నంబరుకు ఫోను చేయాలి. చాందీపురాకు అప్పుడు టీకా లేదు, మందు లేదు. ఇప్పటికీ లేవు.